పొగ బాగా వచ్చే ఊదుబత్తి

పోయిన వారం వికారాబాద్‌లో కిరాణా కొట్టుకు వెళ్ళి ఊదుబత్తులు అడిగాను. మల్లెపూవా, గంధమా, గులాబీయా అన్నాడు కొట్టతను.

"వాసన ఏదైతేంది అన్నా, పొగ మస్తు రావాలె" అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "దోమలకా?"

"కాదు, వెల్డింగుకు."

ఇంకేమీ అడగకుండా ఒక కట్ట నా చేతిలో పెట్టి, పక్కనున్న ఆమెకు కందిపప్పు తూయడం మొదలుపెట్టాడు. కొట్టు దిగాక నాకు నవ్వు ఆగలేదు. రోడ్డు మీద ఒక్కణ్ణే నవ్వుకుంటూ నడిచాను. ఎందుకంటారా? అచ్చం ఈ మాటే, ఈ తీరుగానే తాండూరు బజార్లో మా మేడం అడుగుతుంటే పక్కన నిలబడి, ఈమెకు కొంచెం తిక్క గానీ ఉందా అనుకున్నవాణ్ణి నేను.

అప్పట్లో తాండూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో నా ఉద్యోగం. నేను ప్లానింగ్ వాణ్ణి. ఏ పని ఎప్పుడు మొదలవ్వాలి, ఎప్పుడు ముగియాలి, ఎవరి వెనక ఎవరు రావాలి అని గీతలు గీసి ఇవ్వడం నా పని. ఆ గీత దాటితే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పటికీ అంతే. పెళ్ళిలో భోజనాలు ఆలస్యమైనా మండుతుంది.

ఆ ఫ్యాక్టరీకి ఒక ప్రెజర్ వెసెల్ వచ్చింది. ఆవిరిని గొప్ప ఒత్తిడితో లోపల బిగబట్టి ఉంచే ఉక్కు పీపా అనుకోండి. పీపా అంటే చిన్నదనుకునేరు! లోపల మనిషి నిలబడి చేతులు చాపినా రెండు గోడలూ అందవు. గోడ మందం నా అరచేయి వెడల్పంత ఉంది. అంతదాన్ని ఒకటే ముక్కగా లారీ మీద వేసి అనంతగిరి గుట్ట మలుపులు తిప్పడం ఎవరి తరమూ కాదు. అందుకని రెండు ముక్కలుగా తెచ్చారు. వాటిని దిమ్మెల మీద పడుకోబెట్టి, ఎదురెదురుగా జరిపి, నడుము చుట్టూ అతకాలి. ఆ అతుకులో తేడా ఉంటే ఒకరోజు ఆవిరి దాన్ని చీల్చుకుని వస్తుంది. అప్పుడు దగ్గర్లో ఉన్నవాళ్ళను వెతుక్కోవలసిందే.

ఆ అతుకును ఏ రకం వెల్డింగుతో వేయాలో తేల్చడానికి వచ్చిన ఇంజనీరు మా మేడం. తాండూరు పప్పు వ్యాపారుల ఇంటి ఆడపడుచు. పొట్టిమనిషి. పంజాబీ డ్రెస్సు మీద మగవాళ్ళ కాటన్ చొక్కా తొడిగి, జుట్టంతా తువ్వాల్లో కట్టేసి, కళ్ళద్దాలకు తాడు వేసి మెడలో వేలాడేసుకుని వచ్చేది. గొంతు మాత్రం ఆ మనిషికి నాలుగింతలు. గేటు దగ్గర ఎవరినో పలకరిస్తే నాకు ఆఫీసులో వినపడేది.

వచ్చిన మొదటి రోజు ఆమె డ్రాయింగు అడగలేదు. నిచ్చెనెక్కి, రెండు ముక్కల మధ్య సందులో చేయి పెట్టి, ఊదుబత్తి వెలిగించింది. కింద క్రేన్ డ్రైవర్ గబుక్కున చెప్పులు విడిచి దండం పెట్టాడు. నేనూ పూజే అనుకున్నాను. కొబ్బరికాయ తెప్పించాలేమో, ఒక మాట ముందే చెబితే ఏం పోయింది అని లోపల విసుక్కున్నాను కూడా.

"ఏ దేవునికి మేడం?" అన్నాను కిందినుంచి.

"గాలికి" అంది, నా వైపు చూడకుండానే. "ఇట్ల పైకి రా తమ్మి. పొగ ఎటు పోతుందో జూడు."

ఎక్కి చూశాను. పొగ పైకి లేవడమే లేదు. బత్తి కొస నుంచి పక్కకు పడుకుని సందులోకి సర్రున పోతోంది. పీపా అటు చివర మూత లేక తెరిచి ఉంది కదా, బయటి గాలిని అదే లోపలికి గుంజుతోంది. చెంపకు గాలే తగలడం లేదు, పొగ మాత్రం పరుగెత్తుతోంది. ఆమె చుట్టూ తిరిగి ఒక్కోచోట ఒక్కో బత్తి వెలిగించి, గోడ మీద సుద్దముక్కతో బాణం గుర్తులు వేసింది. చొక్కా జేబు నిండా సుద్దముక్కలే. ఆమె కూర్చుని లేచిన కుర్చీ కూడా తెల్లగా అయ్యేది.

ఆమె నోట ఎప్పుడూ ఒకటే మాట. "ముందు దానికేం కావాల్నో అడుగు. మనకేం కావాల్నో తర్వాత జూద్దాం." వెల్డింగు గురించే కాదు, దేని గురించైనా అదే. నా బండి ఒకనాడు ఎంతకీ కదలక తన్నుతుంటే, "తన్నుడెందుకు తమ్మి, దానికేం కావాల్నో అడుగు" అంది. పెట్రోలు లేదు. బంకు దాకా తోసుకుంటూ పోయాను.

వెల్డింగు దగ్గర మా ఇద్దరికీ పెద్ద రగడే అయింది. చూడండి, ఇలాంటి మందపు గోడలను కర్మాగారంలో అయితే పొడి కింద నిప్పు దాచి అతికే పెద్ద మిషన్‌తో వేస్తారు. మహా జోరైన పద్ధతి. కానీ దానికి పీపా కింద రోలర్లు పెట్టి గిరగిరా తిప్పాలి. "ఇక్కడ దాన్ని తిప్పలేం, మనమే దాని సుట్టు తిరగాలె" అని ఆమె దాన్ని మొదటి రోజే కొట్టేసింది. సరే. మిగిలినవి రెండు. ఒకటి తీగ వెల్డింగు. తీగ దానంతటదే వస్తూ ఉంటుంది, పక్కనుంచి గ్యాసు వదిలి, కరిగిన ఇనుముకు గాలి తగలకుండా కాపాడతారు. మంచి వేగం. రెండోది రాడ్ల వెల్డింగు, మీరు గ్రిల్లుల దుకాణం దగ్గర చూసేదే. రాడ్డు మీది పూత కాలి, ఆ కాలినదే ఇనుముకు దుప్పటి అవుతుంది. అది నత్తనడక.

నా గీతల ప్రకారం తీగ కావాలి. మేనేజర్ కూడా తీగే అన్నాడు, దానికి బయటినుంచి ఒక ముఠాను కూడా మాట్లాడి పెట్టుకున్నాడు.

"గాలి ఉంటే ఏమైతది మేడం, గుడారం కడదాం" అన్నాను.

"కట్టు" అంది.

కట్టించాను. రెండు వరుసల టార్పాలిను. ఆమె లోపలికి వచ్చి ఊదుబత్తి వెలిగించింది. పొగ మళ్ళీ పడుకుంది. పీపా లోపల చెక్కలు అడ్డం పెట్టించాను. పొగ లేచింది, అంతలో నాపరాళ్ళ లారీ ఒకటి పక్కనుంచి పోయేసరికి గుడారం ఊగి మళ్ళీ పడుకుంది. నాకు ఆ పొగ మీద నిజంగా కోపం వచ్చింది.

"గ్యాసు గూడ గీ పొగ లెక్కనే పోతది తమ్మి" అంది మేడం. "పోయిన జాగల బుడగ పడతది. ఇంత మందంల బుడగ యాడుందో ఎతికి తీసుడు మనతోని అయ్యే పనేనా? రాడ్డుకు గాలితోని అంత పరేషాన్ లేదు. దానికి కావాల్సింది ఒక్కటే. తేమ తగలొద్దు. అది మన చేతులున్నది."

ఇంకో సంగతి కూడా ఉంది. ఆమె వెనక ఒక బృందం ఉంది. పెద్దమేస్త్రీ యూసుఫ్ భాయ్, తాండూరు మనిషి. బంట్వారం నుంచి వచ్చే రాములు, ఇంకా నలుగురు. రాళ్ళు కోసే మిషన్ల ఫ్రేములు, ట్రాక్టర్ డబ్బాలు అతుక్కుంటూ బతికేవాళ్ళను ఏరి, ఏడాది పొడుగునా నేర్పి, పరీక్షలు పెట్టించి, మందపు ఉక్కు మీద రాడ్డుతో వేయగలరని పట్టాలు ఇప్పించింది. ఇది వాళ్ళకు మొదటి పెద్ద అతుకు. ఇది నెగ్గితే వచ్చే వెసెల్స్ అన్నీ వాళ్ళవే. తప్పితే మళ్ళీ ట్రాక్టర్ డబ్బాలే.

మేనేజర్ రాడ్లకు ఒప్పుకున్నాడు గానీ, మొహమాటం లేకుండా చెప్పాడు. "మొదటి జాయింటు టెస్టులో పోతే మీ వాళ్ళు ఇంటికే మేడం. బయటి టీమ్ వస్తది."

"నేను గూడ వాళ్ళతోనే పోత సార్" అంది మేడం. బెదిరింపులా కాదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

పని మొదలైంది. అబ్బ, ఆ రోజులు! గోడ చుట్టూ గ్యాసు మంటలు పెట్టి ఉక్కును వేడి చేసి, ఆ వేడి తగ్గకుండా చూస్తూ అతకాలి. చల్లటి మందపు ఉక్కు మీద వేస్తే అతుకు చిట్లుతుంది. ఇద్దరు అడుగున వెల్లకిలా పడుకుని తలపైకి వేసేవాళ్ళు, ఇద్దరు పక్కల నిలబడి, ఒకరు పైన గుర్రమెక్కినట్టు కూర్చుని. పొర మీద పొర. ఒక్కో పొర వేయగానే పైన గట్టిపడిన చిట్టెం సుత్తితో కొట్టి రాల్చి, బ్రష్‌తో తోమి, మళ్ళీ పొర. మేడం ఆ మంటల మధ్య పెళ్ళిపెద్దలా తిరిగేది. రాడ్డు చేతికి తీసుకుంటే మరొక రాడ్డుతో టక్కున కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వినేది. చిన్నప్పుడు వాళ్ళ నాయన కొట్లో పప్పు ఎండిందో లేదో పంటికింద వేసుకుని చెప్పేదట. "బస్తాల జరంత తేమ ఉన్నా లోపల్నే ముక్కుతది. పైకి మంచిగనే కనపడతది" అనేది. ఆమె లెక్కలో పప్పూ రాడ్డూ ఒకటే.

అందుకే రాడ్లను ముందు పెద్ద పొయ్యిలో కాల్చి, తర్వాత అతుకు పక్కనే ఒక ఇనప బీరువాలాంటి చిన్న పొయ్యిలో వేడిగా ఉంచేవాళ్ళు. అందులోంచి తీసినవి తీసినట్టే వాడాలి. ఆ చిన్న పొయ్యి అంటే మేడానికి ప్రాణం. దాని తలుపు ఎవరైనా ఊరికే తెరిచి పెడితే, "ఇంట్ల ఫ్రిజ్ తలుపు గిట్లనే ఇడిసిపెడతవా?" అని ఆ చివరినుంచి కేక పెట్టేది.

ఇక ఆమె తిండి. పొద్దున జొన్నరొట్టె, పప్పు, ఒక మూల వెల్లుల్లి కారం పెట్టుకుని స్టీలు డబ్బా తెచ్చుకునేది. అందరూ తిన్నాక, ఏ మూడింటికో, నిలబడే తినేది. అప్పటికి రొట్టె అట్టముక్క. పప్పు గడ్డ. నేను చూడలేక క్యాంటీన్‌లో వేడి చేయిస్తానంటే, "నాకేం కావాల్నో నేను అడిగినప్పుడు చెయ్యి" అనేది.

సగానికి పైగా అతుకు నిండిన రోజు అది. మధ్యాహ్నం మేడం ఎప్పటిలాగే ఆలస్యంగా డబ్బా మూత తీసింది. గుప్పుమని ఆవిరి లేచి ఆమె కళ్ళద్దాలు తెల్లగా కమ్మేశాయి.

రాములు, యూసుఫ్ భాయ్ ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ముసిముసిగా నవ్వుతున్నారు.

మేడం అద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. తుడవలేదు. వాటి మీది ఆవిరిని చూస్తూ ఉండిపోయింది.

"ఇది యాడ వేడి చేసిండ్రు?" అంది. నేను విన్నన్నాళ్ళలో ఆమె అంత మెల్లగా మాట్లాడటం అదే మొదలు.

"రాడ్ల పొయ్యిల మేడం" అన్నాడు రాములు సంబరంగా. "రోజు సల్లటి రొట్టె తింటున్రు గదా అని. పొద్దుగాల్నే పెట్టిన."

నేను గిర్రున పొయ్యి వైపు తిరిగాను. తడి పప్పు, రొట్టె, పొద్దుటినుంచి మూసిన పొయ్యిలో ఆవిరి కక్కుతూ ఉన్నాయి. దాని పక్కనే రాడ్లు. యూసుఫ్ భాయ్ మొహంలో నవ్వు మాయమైంది. అతనికీ అర్థమైపోయింది.

"పొద్దుగాల నుంచి ఆ పొయ్యిలకెళ్ళే తీసిండ్రా?"

"అవ్ మేడం" అన్నాడు యూసుఫ్ భాయ్. "మొత్తం దాంట్లకెళ్ళే."

మేడం లేచి నిలబడింది. "మంట ఆపకుండ్రి. చేతులు ఆపుండ్రి." అంతే. అందరూ దిగారు.

నేను ఆమెను పక్కకు తీసుకెళ్ళాను. నాకు కోపం తన్నుకొస్తోంది. పొద్దుటినుంచి వేసిన పొరలన్నీ తీసేయాలంటే నా గీతలన్నీ గంగలో కలిసినట్టే. అంతకంటే పెద్ద భయం ఇంకోటి. పని ఎందుకు ఆగిందో తెలిస్తే మేనేజర్ టెస్టు దాకా కూడా ఆగడు, వీళ్ళను సాయంత్రమే గేటు బయట పెడతాడు.

"ఒక్క డబ్బా ఆవిరి మేడం. ఏం కాకపోవచ్చు గదా" అన్నాను.

"కాకపోవచ్చు" అంది. "తేమ ఇయ్యాల ఏం అనదు తమ్మి. లోపల పండుకుంటది. మనం అందరం ఇంటికి పోయినంక లేస్తది. పగులు సన్నగ మొదలైతది. టెస్టుల దొరికితే వీళ్ళ పని పోతది. దొరకకపోతే ఎవరి పానం పోతదో."

ఫోన్ తీసి, నా ముందే మేనేజర్‌కు చెప్పింది. "సార్, నా అన్నం డబ్బా రాడ్ల పొయ్యిల ఉండె. పొద్దుటి పొరలు తీసేస్తున్న." అవతల ఆయన అరవడం నాకు వినపడుతోంది. ఎవరు పెట్టారని అడుగుతున్నాడు. మేడం గొంతు మళ్ళీ పాత గొంతైంది. "డబ్బా ఎవరిదో అడుగుండ్రి సార్. డబ్బా నాది. టెస్టు దాకా నా మనుషుల జోలికి రాకుండ్రి. టెస్టుల పోతే మీరు పొమ్మనకముందే పోతం." ఫోన్ పెట్టేసింది.

రాములు ఒక మూల గోడకు ఆనుకుని కూలబడి ఉన్నాడు. కళ్ళ నిండా నీళ్ళు. మేడం వెళ్ళి అతని పక్కన నేల మీదే కూర్చుంది. డబ్బా తెరిచి రొట్టె విరిచి సగం అతని చేతిలో పెట్టింది.

"తిను. తప్పు జేసింది రొట్టె గాదు గద. ఇంత వేడి రొట్టె తిని ఎన్ని దినాలైందో" అని నిజంగానే లొట్టలేసుకుంటూ తిన్నది. నాకు ఆ మనిషిని చూస్తే కోపం ఎటు పోయిందో తెలియలేదు. ముక్క అడిగి నేనూ తిన్నాను.

తర్వాత గ్రైండర్లు అందుకున్నారు. ఇంతసేపూ పోసిన చెమటనంతా వాళ్ళే అరగదీసి రాల్చారు. పొద్దుటి కంటే ముందు వేసిన ఇనుము తేలేదాకా తీశారు. పొయ్యిని ఎండగట్టి, కొత్త రాడ్లు కాల్చి, మళ్ళీ మొదలుపెట్టారు. మేడం పొయ్యి తలుపు మీద సుద్దతో పెద్దక్షరాలతో రాసింది: ఇది వంటిల్లు కాదు. అంతటితో ఆగిందా? ఆమె మేడం కదా! పీపా నడుం దగ్గరి మంటల వేడికి దాని ఒళ్ళంతా కాగుతూ ఉంది. అతుక్కి బాగా ఎడంగా, ఏ పనికీ అడ్డు రాని చోట, ఉక్కు మీద ఒక గుండ్రం గీసి అందులో రాసింది: ఇది వంటిల్లు.

మర్నాటి నుంచి ఆ గుండ్రంలో డబ్బాల వరుస. యూసుఫ్ భాయ్ ఇంటి ఖిచిడీ, రాములు రొట్టెలు. నా పెరుగన్నం కూడా ఒకరోజు పొరపాటున పెట్టి విరగ్గొట్టుకున్నాను. మేడం డబ్బా అన్నిటికంటే ముందు. ఆమె వేడన్నం వేళకు తినడం మొదలుపెట్టింది. మేనేజర్ వచ్చి ఆ వరుస చూసి నోరు తెరిచాడు, మేడం వైపు చూసి మూసుకున్నాడు.

అతుకు పూర్తయ్యాక వేడిని మెల్లగా దించి, రెండు రోజులు ముట్టుకోనివ్వలేదు. "ఇప్పుడే అడిగితే అబద్ధం జెప్తది. జర సల్లారనీ" అంది. అప్పుడు టెస్టు చేసే అతను వచ్చాడు. అతుకు మీద జిగురు రాసి, సబ్బుబిళ్ళంత పరికరం జరుపుకుంటూ, చేతిలోని తెర మీద గీతలు చూస్తాడు. లోపల పగులుంటే గీత ఎగురుతుంది. అందరం అతని మొహమే చూస్తున్నాం. ఆ పుణ్యాత్ముడి మొహంలో ఒక్క గీతా కదలదు! ఆ తీసేసి మళ్ళీ వేసిన చోటికి వచ్చి, ఆగి, వెనక్కి జరిపి, మళ్ళీ ముందుకు జరిపాడు. యూసుఫ్ భాయ్ పెదవులు కదులుతున్నాయి. రాములు నా మోచేయి పట్టుకున్నాడు, వారం దాకా నొప్పి పోలేదు.

మేడం అక్కడ లేనే లేదు. అవతల చివర, మూత అతకవలసిన చోట నిచ్చెన మీద నిలబడి ఊదుబత్తి వెలిగించుకుంటోంది.

"మొత్తం సాఫ్ ఉంది" అన్నాడు టెస్టు అతను, చేతులు తుడుచుకుంటూ.

అప్పుడు చూడాలి! యూసుఫ్ భాయ్ తన తోలు గ్లోవులు ఆకాశంలోకి విసిరాడు. ఒకటి క్రేన్ మీద పడింది, ఇప్పటికీ దిగలేదనుకుంటా. రాములు నన్ను ఎత్తేశాడు. నన్నెందుకు ఎత్తాడో నాకూ తెలియదు. మేనేజర్ అందరికీ చేయి కలిపాడు. నేను పరుగెత్తుకుంటూ పోయి మేడానికి చెప్పాను. ఆమె పొగనే చూస్తూ, "మంచిది. ఇక్కడ గాలి ఇంకో తీరుగుంది తమ్మి, బాణాలు మార్చాలె" అంది. కానీ సుద్దముక్కతో గీసిన బాణం మీదే మళ్ళీ బాణం గీసింది. నేను చూశాను.

పోయిన ఏడాది మేడం చనిపోయింది. యూసుఫ్ భాయ్ ఫోన్ చేసి, "తమ్మి, మేడం ఇగ లేదు" అని పెట్టేశాడు.

ఇప్పుడు నేను వికారాబాద్‌లో ఉన్నాను. ఇక్కడికీ ఒక వెసెల్ రెండు ముక్కలుగా వచ్చింది. అతికేది యూసుఫ్ భాయ్ మనుషులే. మేడం తర్వాతి రోజుల్లో వాళ్ళకు తీగ వెల్డింగు కూడా నేర్పిపోయింది. ఏది కావాలో తేల్చడానికి నిన్న పొద్దున ఊదుబత్తుల కట్ట పట్టుకుని నిచ్చెనెక్కాను. ఇది పెద్ద షెడ్డు. చుట్టూ గోడలున్నాయి. సందులో చేయి పెట్టి వెలిగించాను. పొగ నిటారుగా లేచింది. నాలుగు దిక్కులా వెలిగించాం. ఎక్కడా వంగలేదు.

"తీగనే" అన్నాడు యూసుఫ్ భాయ్. "రాడ్డు నక్కో. దీనికి తీగనే కావాలె." నన్ను చూసి నవ్వాడు. "ఇంత దినాలకు నీ గీత దాటకుండ అయితుంది సూడు."

నేనూ నవ్వాను. కింద షెడ్డు వాచ్‌మన్ చెప్పులు విడిచి, చేతులు జోడించుకుని నిలబడి ఉన్నాడు.

"ఏ దేవునికి సార్?" అన్నాడు.

గాలికి అని చెప్పబోయాను. నాకంటే ముందే యూసుఫ్ భాయ్ అన్నాడు.

"మా మేడంకు."

వాచ్‌మన్ తల వంచి మరొకసారి దండం పెట్టాడు. యూసుఫ్ భాయ్ చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసి, ఉక్కు గోడ మీద అతుక్కి ఎడంగా ఒక గుండ్రం గీశాడు.